గల్లుమన్న గోనెసంచి

మంచి పని చేస్తే ఎంత చెడ్డపేరు వస్తుందో తెలుసుకోవాలనుందా? గ్రంథాలు తిరగేయక్కర్లేదు, నా కథ వినండి చాలు. ఒక ఆదివారం సాయంత్రం అశోక్ నగర్‌లోని మా లేడీస్ హాస్టల్ గుమ్మంలో పరువు భళ్ళున పగలడం కళ్ళారా చూశాను. నా ఒక్కదాని పరువైతే పీడా పోయె అనుకుందును, అది హాస్టల్ మొత్తానిది.

అది 2012. మేమంతా గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం కాచుకున్నాం. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం కోచింగ్, సాయంత్రం చాయ్. నోటిఫికేషన్ మాత్రం పెళ్ళిలో అలిగిన అల్లుడిలా రానంటే రానంది. ఆ ఖాళీలో ‘సుస్థిర పర్యాటకం’ అనే వ్యాసం నాకు కంఠస్థమైంది. కంఠంలో ఉన్నది ఊరుకుంటుందా! కనబడ్డ వాళ్ళందరికీ దాన్ని అప్పజెప్పడం మొదలుపెట్టాను. చివరికి ఒక టూర్ తలపెట్టాను.

మా హాస్టల్ ఆంటీ విజయమ్మగారు అమ్మాయిల్ని టూర్లకు పంపిన పాపాన పోలేదు.

"ఆంటీ, వికారాబాద్ దిక్కు గుట్టల్ల ఒక వాగుందట. పొద్దున పోయి పొద్దుగూకక ముందే వస్తం."

"మీరు పోతే నాకు పరేషాన్. ఏమన్నయితే మీ నాయినలకు ఏం జెప్పాలె?"

"ఆర్టీసీ బస్సులనే పోతం. స్టీలు డబ్బాలల్ల అన్నం కట్టుకుంటం, ప్లాస్టిక్ ముట్టం. పోయిన కాడ ఏం ఇడిసిపెట్టొద్దు, ఆడికెళ్ళి ఏం తేవొద్దు. గదీ మా పద్ధతి!"

ఆంటీ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "సరే స్వరూపా, నీ మీద నమ్మకంతోని పంపుతున్న. ఒక్క మాట వచ్చిందో, మళ్ళ ఈ హాస్టల్ల టూరన్న ముచ్చటే ఉండది."

అలా అందరి సరదా నా భుజాన పడింది.

వాగు అద్దంలా ఉంది. ఒడ్డు మాత్రం పెళ్ళి జరిగిన మర్నాటి షామియానాలా ఉంది. చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ సీసాలు, అన్నిటికంటే ఎక్కువగా బీరు సీసాలు. నాలోని వ్యాసం లేచి కూర్చుంది. పక్కనున్న చాయ్ కొట్టాయన్ని అడిగి ఒక గోనెసంచి తెచ్చాను.

నా రూమ్మేట్ మమత నెత్తి కొట్టుకుంది. "మనం పారేసినమా? మనకెందుకే?"

"బాధ్యత గల పర్యాటకురాలు ఇతరుల చెత్తను సైతం..."

"ఇది పరీక్ష హాలు కాదే తల్లీ!"

అయినా అందరం వంగి ఏరాం. సంచి నిండింది. అక్కడ చెత్తకుండీ లేదు కాబట్టి సంచిని మా గల్లీ చివర పాత సామాన్లు కొనే కబాడీ దుకాణంలో ఇచ్చేద్దామని తీర్మానించాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. నాకు ముందుగా కండక్టర్ ఎదురయ్యాడు.

"సంచిల ఏంది చెల్లె?"

"చెత్త అన్నా."

బస్సు గుంతలో పడి లేచింది. సంచి గల్లుమంది.

"చెత్త గిట్ల మోగుతదా?"

బస్సంతా మావైపు తిరిగింది. ముందు సీటులోని అవ్వ తన మనవరాలిని కిటికీ వైపుకు జరుపుకుంది.

చిక్కడపల్లిలో దిగి గల్లీలోకి వస్తే, ఆదివారం కదా, కబాడీ దుకాణం మూసి ఉంది.

"లోపల పెట్టి రేపు ఇద్దాం" అన్నాను.

"ఆంటీ జూస్తే?" అంది మమత.

"మెచ్చుకుంటరు!"

గుమ్మంలో ఆంటీ ఎవరో పెద్దాయనతో మాట్లాడుతున్నారు. నల్లగొండ వైపు నుంచి కూతుర్ని చేర్పించడానికి వచ్చాడట. పక్కన ట్రంకుపెట్టె, దాని వెనక బెదురు చూపుల పిల్ల.

"మా పిల్లలకు పుస్తకం తప్ప ఇంకోటి తెల్వదు. అగో, ఒస్తున్నరు, సూడున్రి!" అన్నారు ఆంటీ.

సరిగ్గా అప్పుడే తడిసిన గోనెసంచి అడుగు ఊడింది. సీసాలన్నీ గుమ్మం నిండా పడ్డాయి. ఒకటి మాత్రం తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్ళి పెద్దాయన చెప్పుకు తగిలి ఆగింది.

"ఏందే ఇవి?" అన్నారు ఆంటీ.

"సుస్థిర పర్యాటకం ఆంటీ."

"దీనికి గా పేరు సుత వెట్టిన్రా!"

పెద్దాయన ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు. "పా బిడ్డా."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నా వ్యాసం వల్ల ఆమెకు హాస్టలూ, మా వాళ్ళకు టూర్లూ పోతున్నాయని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఒక్క వాక్యమూ గుర్తురాలేదు.

అంతలో ఒక సీసా మూతిలోంచి కాస్త బురద జారింది. ఆ బురద కాళ్ళు చాపి, పక్కకు నడవడం మొదలుపెట్టింది. ఆంటీ కెవ్వుమని కుర్చీ ఎక్కారు.

పెద్దాయన పెట్టె దించి, గొంతుక్కూర్చుని పకపకా నవ్వాడు. "ఎండ్రకాయ పిల్ల! అమ్మా, కిందికి దిగున్రి. ఈ సీస ఏ వాగులనో ఎన్నొద్దుల సంది పడుందో! అయినా తాగినోడు ఏనాడన్న ఖాళీ సీస ఇంటికి మోసుకొచ్చిండా? గట్ల తెస్తే మా పొలాలల్ల గాజుపెంకులు ఎందుకు గుచ్చుకుంటయ్? మా పిల్లను ఈడనే చేర్చుకోన్రి."

నాకు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. కానీ ఆంటీ ఇంకా కుర్చీ దిగలేదు.

"అదంత మంచిగనే ఉంది. స్వరూపా, ఆడికెళ్ళి ఏం తేవొద్దని నాకు పాఠం జెప్పినవ్ గద? మరి దీన్నెందుకు తెచ్చినవే?"

నేను గబగబా పాత బకెట్ తెచ్చి ఎండ్రపిల్ల మీద బోర్లించాను.

"వచ్చే ఐతారం పోయి దాని జాగల దాన్ని ఇడిసిరా."

"అంటే... మళ్ళ టూర్ పోవచ్చా ఆంటీ?"

"టూర్ కాదు, అప్పజెప్పుడు. నేను సుత వస్త. మీ మీద నమ్మకం లేదు."

వారమంతా ఆ ఎండ్రపిల్ల మా పాత బకెట్‌లో, చారెడు నీళ్ళలో, అన్నం మెతుకులు తింటూ రాణిలా బతికింది. దాని సేవ కొత్తగా చేరిన పిల్లే చేసింది. ఆదివారం బస్సులో అదే కండక్టర్.

"ఇయ్యాల బకెట్ల ఏంది చెల్లె?"

"ఎండ్రపిల్ల అన్నా. ఇంటికాడ దింపనీకి పోతున్నం."

ఆయన బకెట్‌లోకి తొంగిచూసి టికెట్లు కొట్టాడు.

వాగులో విడిచాక అది వెనక్కి కూడా చూడకుండా రాయి కిందికి దూరింది. ఆంటీ మాత్రం ఒడ్డు వైపు చూశారు. వారం తిరిగేలోగా మళ్ళీ సీసాలు. తన సంచిలోంచి గట్టి గోనెసంచి తీసి దులిపారు. అడుగున రెండు వరసల కుట్టు కూడా వేయించుకొచ్చారు!

"చూసుకుంట నిలబడితే ఎట్ల? ఏరున్రి. అందరూ సీసాలు బోర్లించి దులపాలె. స్వరూపా, నువ్వయితే రెండుసార్లు!"

ఆ వాగు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ సీసానైనా తలకిందులు చేసి, దులిపి, "లోపల ఎవరైనా ఉన్నారా అండీ?" అని మర్యాదగా అడిగి, జవాబు రాకపోతేనే సంచిలో వేస్తాను.