చర్చి నేల మీద ఆరిన కాఫీ

మా అయ్యగారు పోయారు. ముంచింగిపుట్టు దాటాక కొండ మీదున్న మా ఊరి చర్చికి పాస్టరుగా వచ్చి, ఇక్కడే తల నెరిసి, మొన్న మంగళవారం తెల్లవారుతుండగా జ్వరంతో కన్నుమూశారు. బడిలో ఉన్న నాకు ఆ కబురు తెచ్చింది మా సంఘంవాళ్లు కాదు, ఊరి దిసారి. పండగలకీ కోతలకీ మంచిరోజు చూసి, దేవతకు కోడిని కోసే పెద్దాయన. తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మన అయ్య ఎల్లిపోనాడమ్మా. బేగి రా" అన్నాడు. నేను హాజరు పిలవడం పూర్తిచేసి, పిల్లలకి లెక్కలిచ్చి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో తెలియదు. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

అయ్యగారిది సముద్రం ఒడ్డు ఊరు. చలికి అస్సలు ఆగేవారు కాదు. ఎండాకాలంలో కూడా ఆ గోధుమరంగు స్వెట్టరు ఒంటి మీద ఉండాల్సిందే. కుక్కలు ఎత్తుకుపోతాయని చెప్పులు విప్పి తలుపు పక్కన మేకుకి తగిలించేవారు. జేబులో ఎప్పుడూ మిరియాలుండేవి. గొంతు బాగుంటుందని ప్రసంగానికి ముందు నాలుగు గింజలు నమిలేవారు. ఎన్ని నమిలినా ఆయన పాట మాత్రం బాగుపడలేదు. ఆయన ఒక రాగంలో ఎత్తుకుంటే మేం ఇంకో రాగంలో అందుకునేవాళ్లం. "దేవుడు రెండూ ఇంటాడు లెండి" అని సర్దుకునేవారు. కోపం కూడా ఎక్కువే. టీలో పంచదార తక్కువైతే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఆయన గురించి గొప్పగా రాయాలని నాకు లేదు. వచ్చిన కొత్తలో ఆయన చేసింది మా ఇంటి మీదికే వచ్చింది.

మా ఊళ్లో బదులు కూలి ఉంది. ఇవాళ నీ చేనుకి నేనొస్తే, రేపు నా చేనుకి నువ్వొస్తావు. కోత మొదలెట్టేముందు గట్టు మీద దేవతకు కోడిని కోస్తారు. పని అయ్యాక అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఆ కూర తింటారు. తిననివాడు ఆ పంక్తిని అవమానించినట్టే లెక్క. అయ్యగారు వస్తూనే, దేవతకు చూపించిన కూర విశ్వాసులు ముట్టకూడదని గట్టిగా చెప్పారు. మావాళ్లు ముట్టలేదు. మరుసటి ఏడు మమ్మల్ని కోతలకి ఎవరూ పిలవలేదు, మా చేలకి ఎవరూ రాలేదు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. రాలేదంతే.

అప్పటికి నాన్న లేడు. మాది పండిన చోడిచేను, అంటే రాగులు. అమ్మ ఒక్కర్తే, ఒడిలో నా చెల్లెలు. సంఘంలో ఉన్న నాలుగిళ్లవాళ్లూ ఎవరి చేను వాళ్లు కోసుకోలేక సతమతమవుతున్నారు. ఇంతలో ముసురు పట్టింది. చోళ్లు కంకి మీదే మొలకెత్తాయి. ఆ ఆదివారం కానుకల పళ్లెం తిరిగినప్పుడు అమ్మ అందులో మొలకెత్తిన కంకులు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆ పచ్చటి మొలకలు నాకు భలే ముద్దుగా కనిపించాయి, చిన్నపిల్లని కదా.

"ఇదేటమ్మా?" అన్నారు అయ్యగారు.

"మా పంటండి. సంఘం నాకోసం ప్రార్థన సేసినాది. కొయ్యడానికి ఎవుళూ రానేదు."

అయ్యగారు ఆ రోజు ప్రసంగం చెప్పలేదు. పళ్లెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చివరికి మా సంఘ పెద్దే లేచి ముగింపు ప్రార్థన చేశాడు. మర్నాడు అయ్యగారు కొడవలి అరువు తెచ్చుకుని దిసారి ఇంటి ముందు నిలబడ్డారు, బదులు కూలికి వస్తానని. దిసారి ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు.

"కొయ్యడం వచ్చునేటి?"

"రాదు."

"మరి కోడికూర తింటావేటి?"

"అది సాయంత్రం సూద్దాం. ముందు పని సూపించు."

ఆ రోజు ఆయన కోసినదానికన్నా తొక్కిందే ఎక్కువని ఊరంతా ఇప్పటికీ నవ్వుకుంటారు. సాయంత్రం పంక్తి వేసినప్పుడు దిసారి ఆయన ముందు వేరే గిన్నె పెట్టాడు. "ఇది దేవతకి సూపించినేదు. నీకోసరం ముందే తీసీసినాను. తిను" అన్నాడు. అయ్యగారు అదే పంక్తిలో కూర్చుని తిన్నారు. మొలకెత్తగా మిగిలిన మా చేను మర్నాడు ఊరంతా కలిసి కోసిపెట్టింది. తర్వాత ఆదివారం అయ్యగారు, "నేను మీకు కూర సంగతి సెప్పాను గానీ పంక్తి సంగతి మర్సిపోనాను" అన్నారు. ఆయన చెప్పిన ప్రసంగాల్లో నాకు పూర్తిగా గుర్తున్నది అదొక్కటే. అంతకుమించి ఆ రోజు ఏమీ చెప్పలేదు కూడా.

చర్చికి స్లాబూ, కింద గచ్చూ వేసింది ఆ తర్వాత. మా సంఘ పెద్ద గెడ్డ వాగులోంచి ఇసక నెత్తిన మోసి పోయించాడు. ఊరి మొత్తానికి నున్నటి సిమెంటు నేల అదొక్కటే. కాఫీ పళ్ల తొక్క తీసి, కడిగి, గింజని ఆరబెట్టడానికి మాకు ఎండ సరిగా ఉండదు. మట్టి మీద ఆరబెడితే గింజకి మట్టివాసన పడుతుంది, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఒక క్రిస్మస్‌కి ముందు వాన పట్టుకుంటే అయ్యగారు చర్చి తలుపులు బార్లా తీసి, ఊళ్లో గింజలన్నీ లోపల పరిపించారు. సంఘంవాళ్లవీ, దేవతని కొలిచేవాళ్లవీ అన్నీ. క్రిస్మస్ ఆరాధన మేం వరండాలో ఒకరినొకరు ఒరుసుకుని చేసుకున్నాం. టౌన్ నుంచి వచ్చిన పెద్దలు చూసి, ఈ ఏడు ఎంతమందిని రక్షణలోకి తెచ్చారని అడిగారు. "రచ్చించడం ఆయన పనండి. ఆరబెట్టడం మాది" అన్నారు అయ్యగారు. వాళ్లు నవ్వలేదు. మేం నవ్వాం.

అప్పట్నుంచి ప్రతి ఏడూ అంతే. ప్రసంగం మధ్యలో ఆపి, "ప్రార్థన ఆగుద్ది, గింజ ఆగదు. ఎవులైనా లెగిసి తిరగెయ్యండి" అనేవారు. సంఘ పెద్దకి ఇది ఏనాడూ నచ్చలేదు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆ నేల ఆయన నెత్తిన మోసిన ఇసక. దేవుని మందిరాన్ని కళ్లం చేశారని బాధపడేవాడు. కొన్నాళ్లుగా టైల్స్ వేయించి, గేటు పెట్టించి, తాళం వేద్దామంటున్నాడు.

అయ్యగారు పోయిన రోజు తీరంలో అల్పపీడనం, మా కొండ మీద మంచూ తుప్పరా. చర్చి నిండా గింజలు. సంఘ పెద్ద తలుపు దగ్గర నిలబడి, "అయ్యని ఇందులో పెట్టాల. పెద్ద పాస్టర్లొత్తన్నారు. గింజలు ఎత్తీండి" అన్నాడు. ఇవాళ ఎత్తితే మళ్లీ ఎప్పటికీ పరవనివ్వరని అందరికీ తెలుసు. దిసారి గింజలు ముందురోజే కడిగినవి, ఇంకా పచ్చి. గోనెలో కడితే బూజు పడతాయి. అయినా ఆ ముసలాయన వంగి తన గింజలు కుప్ప చెయ్యడం మొదలెట్టాడు. నాకది చూస్తే ఒళ్లు మండింది.

మాట్లాడింది మా అమ్మ.

"ఎత్తకు, దిసారన్నా. ఎత్తినావంటే అయ్యే లెగిసొచ్చి తిడతాడు."

"మరి అయ్యనెక్కడ పెట్టమంటావే?" అన్నాడు సంఘ పెద్ద.

"మజ్జిన పెట్టు. సుట్టూ గింజలుంటే ఆయనకేటి? నా చోళ్లు మొలకలొచ్చిననాడు నువ్వూ ఇక్కడే ఉన్నావు కాదేటి?"

సంఘ పెద్ద ఆ నేలకేసి చూశాడు. తర్వాత తనే వంగి, మధ్యలో పెట్టె పట్టేంత మేర చేత్తో గింజలు పక్కకి జరిపాడు.

ఆరాధన జరుగుతున్నంతసేపూ నేను పనికిమాలినవే చూశాను. అయ్యగారి స్వెట్టరుకి కింద బొత్తం లేదు. ఆయన చెప్పులు ఇంకా మేకుకే ఉన్నాయి. టౌన్ పెద్దలు మేజోళ్లతో గింజల మధ్య కాళ్లెత్తెత్తి నడుస్తున్నారు. పాట మధ్యలో దిసారి లేచి చెక్కపారతో పెట్టె చుట్టూ గింజలు తిరగేసి, మళ్లీ గోడవారన కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఆపలేదు.

సమాధి దగ్గర్నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పారలు పెట్టడానికి మేం చర్చిలోకి వెళ్లాం. చుట్టూ గింజలు, మధ్యలో పెట్టె ఉంచినంత మేర ఖాళీ నేల. అందులో అడుగు పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. సంఘ పెద్ద ఒక్కడే గోడకి ఆనించిన చెక్కపార తీసుకుని వచ్చాడు. ఆ ఖాళీ అంచున నిలబడ్డాడు.

"దిసారీ, నీ గింజలు ఇంకా పచ్చిగున్నాయి గదా" అన్నాడు. "ఇక్కడ జాగా ఉంది. పలసగా పరిస్తే బేగి ఆరతాయి."

అని, ఆ గింజల్ని కొంచెం కొంచెంగా ఆ ఖాళీలోకి లాగడం మొదలెట్టాడు.