వెలుగు పక్కవాడి చేతిలో

అమ్ వగ్దీకి ఒకటే జబ్బు. కెమెరా కొన్నవాడికి లైటు అమ్మడు, లైటు కొన్నవాడికి కెమెరా అమ్మడు. రెండూ కావాలంటే ఇద్దరు మనుషులు రావాలి. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున, దహబ్ ఊళ్లో, నీటి అడుగున వీడియోలు తీసే సరంజామా కొట్టు పెట్టుకుని ఆయన చేసిన వ్యాపారం ఇదీ.

ఇక్కడ పెద్దవాణ్ణి 'అమ్' అని పిలుస్తారు, మనం బాబాయ్ అన్నట్టు. ఏళ్ల తరబడి ఈ ఒడ్డునే, నీళ్ల అడుగుకి దిగేవాళ్ల సిలిండర్లలో గాలి నింపుకుంటూ బతుకుతున్నా నాది తెలుగు చెవే కనక అది నాకు 'అమ్ము' అన్నట్టే వినపడుతుంది. పొద్దున లేచింది మొదలు ఊరంతా ఆయన్ని అమ్, అమ్ అని మొత్తుకునేది. ఆయన అమ్మేవాడు కాదు. ఆయన కొట్టుకీ నా గదికీ మధ్య ఒకటే గోడ. ఈ భాగోతమంతా రోజూ నా చెవిన పడి తీరేది.

ఆయన వాదనలో తప్పు పట్టడానికి లేదు. ఒళ్లు మండే సంగతి అదే. మూడు నిలువుల లోతుకి పోయేసరికి నీళ్లు ఎరుపుని మింగేస్తాయి. పగడం బూడిదరంగు, చేప బూడిదరంగు, వేలు తెగితే వచ్చే నెత్తురు కూడా ఆకుపచ్చ. లైటు వేస్తే తప్ప రంగు తిరిగి రాదు. ఆ లైటు కెమెరాని ఆనుకుని ఉంటే నీళ్లలో తేలే నలుసులన్నీ మెరిసి, వీడియోలో చేప బదులు పిండి జల్లిస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకని లైటుని పక్కకి జరపాలి. లోకమంతా మూరెడు జరుపుతుంది. అమ్ వగ్దీ పక్క మనిషి చేతిలోకి జరిపేవాడు.

ఒకసారి అలెగ్జాండ్రియా నుంచి కొత్త దంపతులు వచ్చారు.

"మీ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుంది?" అని అడిగాడు.

"నా మాటే," అన్నాడు మొగుడు. పెళ్లాం గోళ్లు చూసుకుంది.

"అయితే కెమెరా అమ్మాయికి, లైటు నీకు."

"అదేంటి అమ్, డబ్బులిచ్చేది నేను కదా."

"లైటు పట్టేవాడు చూపించమన్న వైపు చూపిస్తూ వెనకాల పోవాలి నాయనా. నీకు అలవాటున్నట్టే ఉంది."

ఒంటరిగా వచ్చినవాడి గతి ఇంకా అన్యాయం. "నీకెవరూ లేరా?" అని అందరి ముందూ అడిగి, వీధిలో ఈత దుస్తులతో ఎవడు కనబడితే వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. అలాగే ఒక సూయజ్ కస్టమ్సు గుమాస్తాకి ఒక పోలండు నర్సు చేత లైటు పట్టించాడు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి ఆయన్ని పిలిచారు. సిలిండర్లు నింపిన నన్ను పిలవలేదు.

వీధిలో ఎవరూ దొరక్కపోతే గోడ మీద దబదబా బాదేవాడు. ఇండియావాణ్ణి ఇక్కడ హిందీ అంటారు. "యా హిందీ, లైటు పట్టుకుందువు గాని రా." పనంతా ఆపుకుని, ముక్కూ మొహం తెలియనివాడి పక్కన చెయ్యి చాపుకుని, వాడు ఒక పీతని తీసినంతసేపూ నేను నీళ్లలో వేలాడాలి. బతుకంతా ఇలా దీపస్తంభంలా గడిచిపోతుందేమోనని బెంగగా ఉండేది.

ఇలాంటి కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? స్థలం హజ్జా సమీహా అనే ఆవిడది. ఎడారి బదూ తెగ ఆడమనిషి, మొహమాటం ఎరగదు. ఒకరోజు గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"వగ్దీ, పండగ దాకా చూస్తా. పెద్ద బేరం ఒక్కటైనా నా కంటికి కనబడాలి. లేదంటే హుక్కా వాడికిచ్చేస్తా. వాడప్పుడే కుర్చీలు కూడా కొనుక్కున్నాడు."

అమ్ వగ్దీ తల ఊపి మళ్లీ కెమెరాల్లోకి నీళ్లు పోకుండా బిగించే పెట్టెల రబ్బరు వలయాలకి జిడ్డు రాసుకోసాగాడు. పరుగు పెట్టింది నేను. ఆయన మీద ప్రేమతో కాదు. గోడ పక్కన హుక్కా పెట్టారంటే, సిలిండర్లు నింపే నా కంప్రెసరు ఆ పొగే పీలుస్తుంది. నా సిలిండర్ పెట్టుకుని దిగినవాడు నీళ్ల అడుగున ఆపిల్ వాసన హుక్కా పొగ తాగాలి. ఆ తరవాత నా దగ్గర గాలి ఎవడు కొంటాడు?

కాళ్లావేళ్లా పడి కైరో నుంచి ఒక పళ్ల డాక్టర్ని పట్టుకొచ్చాను. పేరు హాతిమ్. డైవింగు క్లబ్బుకి పెద్ద. క్లబ్బులో అందరికీ తలా ఒక కెమెరా, దానికి అటొకటి ఇటొకటి ఇనప చేతులు, ఆ చేతులకి లైట్లు. ఆ ఒక్క బేరంతో కొట్టు నిలబడిపోతుంది.

"లైట్లు ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు అమ్ వగ్దీ.

"ఇనప చేతులున్నాయి కదండీ, వాటికే బిగిస్తాం."

"మనుషులకి లేవా చేతులు?"

"ఉన్నాయి. కానీ ఎవడి వీడియో వాడు తీసుకోవద్దూ?"

"అయితే మీరు దుకాణం పొరబడ్డారు డాక్టర్ గారూ."

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్, కొట్టు నిలిచేది కదా."

"నిలిచేది."

"మరి నీకేం రోగం?"

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "సముద్రం కెమెరాలు తిరిగిస్తుంది హిందీ, మనిషిని ఇవ్వకపోయినా. చుక్క నీరు కూడా పోదుగా మన పెట్టెల్లోకి. ఇంటివాళ్లు వాటిని తెరిచి పెట్టమని నా దగ్గరికే వస్తారు. మొన్న శీతాకాలం మన్సూరా నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు తాబేలు వెనకాల ఒక్కడే పోయాడు. తెర మీద తాబేలు, చేపలు, మళ్లీ చేపలు. 'మావాడేడీ?' అంటుంది. తీసేవాడు అందులో ఉండడమ్మా అని ఎలా చెప్పను? వాడి ఊపిరి చప్పుడు వినిపించా. అది విని వెళ్లిపోయింది."

"ఆ మాటే డాక్టరుకి చెప్పొచ్చుగా."

"చెబితే నాలుగు రోజులు భయపడతాడు, ఐదో రోజు మరిచిపోతాడు. లైటు పక్కవాడి దగ్గరుంటే ఎప్పటికీ వాణ్ణి వదిలిపోలేడు. చీకట్లో ఏం తీస్తాడు?"

జాలేసింది, నిజమే. కోపం మాత్రం పోలేదు. కొట్టు కూడా పండగ వెళ్లగానే పోయింది, ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ ఆశ పెట్టుకోకండి. ఇప్పుడక్కడ హుక్కా కుర్చీలున్నాయి. నా కంప్రెసరు గొట్టాన్ని మిద్దె మీదికి ఎక్కించుకున్నాను. ఆయన సరుకంతా నా మంచం కింద ఉంది.

డాక్టరు మాత్రం ఆ బేరం చెడిన మర్నాడే అవే కెమెరాలు ఇంకెక్కడో కొనుక్కుని, గాలి కోసం క్లబ్బునంతా వెంటేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నీళ్లలో దిగేముందు ఎక్కడైనా లోపలికి నీళ్లు కారుతున్నాయేమోనని కెమెరాలన్నీ మంచినీళ్ల తొట్టిలో ముంచి ఉంచడం ఇక్కడి పద్ధతి. వాళ్లు తొట్టిలో వేసి రబ్బరు దుస్తులు తొడుక్కోవడానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి తొట్టి పక్కన పీట వేసుకుని అమ్ వగ్దీ కూర్చున్నాడు. కెమెరాలన్నీ ఒకవైపు, లైట్లన్నీ ఒకవైపు, ఇనప చేతులు ఇసకలో గుట్ట, వాటిని బిగించే మరలు మాత్రం ఎక్కడా లేవు.

"మరలేవీ?" అన్నాడు డాక్టరు, మొహం కందగడ్డలా చేసుకుని.

"నా జేబులో ఉన్నాయి. పైకొచ్చాక ఇస్తా."

మిట్టమధ్యాహ్నపు ఎండలో, మెడ దాకా రబ్బరు తొడుక్కున్నవాడు ఎంతసేపని పోట్లాడతాడు? తిట్టుకుంటూనే ఒకడి లైటు ఒకడు పట్టుకుని జతలుగా దిగారు.

పైకొచ్చి వీడియోలు చూసుకుంటున్నారు. ఒక దాంట్లో ఎర్ర పగడానికి లైటు పట్టుకుని, పక్కనే కళ్లు చికిలించుకుని డాక్టరు స్వయంగా ఉన్నాడు. అది రెండుసార్లు చూసుకున్నాడు. ఫోన్‌లోకి ఎక్కించి కైరోలో తల్లికి పంపాడు. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. గొంతు ఒడ్డంతా వినబడింది.

"ఒరే హాతిమ్, ఇన్నేళ్లూ చేపల్ని పంపేవాడివి, ఇవాళ తిమింగలాన్ని పంపావేంట్రా. ఆ పొట్టేంటి?"

"రబ్బరు దుస్తుల్లో అలా కనిపిస్తుందిలే అమ్మా."

"తీసిందెవరు?"

"మా క్లబ్బు కుర్రాడే. నేను లైటు పట్టా, వాడు తీశాడు."

"మంచి పిల్లాడు. రేపు కూడా వాణ్ణి నీ పక్కనే ఉండమను."

డాక్టరు ఫోన్ పెట్టేసి, మరల కోసం అమ్ వగ్దీ ముందు చెయ్యి చాపాడు. ఆయన జేబులోంచి గుప్పెడు తీశాడు. డాక్టరు వాటిని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీ దగ్గరే ఉండనీండి అమ్. రేపు మళ్లీ దిగుతాం."