బెల్లం కాటా మీద ఆదివారాలు

కొత్త బెల్లం వాసన తగిలితే ఎవరికైనా అరిసెలు గుర్తొస్తాయి, పానకం గుర్తొస్తుంది. నాకు మాత్రం కుడిచెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోతుంది. మొన్న ఉదయం రాజమండ్రిలో కూరగాయల సంచీతో ఇంటికి వస్తూ ఒక కొట్టు ముందు ఆగాను. అప్పుడే బెల్లం బుట్టలు దింపుతున్నారు. తడి తాటాకు వాసనా, బెల్లం వాసనా కలిసి గుప్పుమన్నాయి. సంచీ కింద పెట్టేసి మరీ నడుము పట్టుకున్నాను. కొట్టతను కంగారుపడి, నడుం పట్టేసిందా మాస్టారూ అంటూ స్టూలు తెచ్చి వేశాడు. నడుముకేమీ కాలేదనీ, నలభై ఏళ్ళ కిందట అక్కడ దాచిన రెండు కేజీల ఇనుప రాయి జారిపోతుందేమోనని భయమేసిందనీ ఆయనకి ఎలా చెప్పను? వేసినందుకు ఆ స్టూలు మీద కాసేపు కూర్చుని, బెల్లం కొనుక్కుని వచ్చేశాను.

మాది పిఠాపురం. మా నాన్నగారు అక్కడ ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టరు. పదో తరగతిలో స్కూలు మొత్తానికి నేను ఫస్టు రావడంతో నా కష్టాలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం నుంచే వీధిలో నన్ను డాక్టరుగారూ అని పిలిచేవారు. ఇంకా ఇంటర్మీడియెట్‌లో చేరనైనా లేదు, ఒక పెళ్ళిపందిట్లో మా మేనత్త నన్ను పక్కకి పిలిచి నాలుక చాపింది. పచ్చగా ఉంది, ఏం వాడాలో చెప్పరా అంది. నాకేం తెలుసు? గంభీరంగా మొహం పెట్టి నాలుగు రోజులు మజ్జిగన్నం తినమన్నాను. ఆవిడకి తగ్గిపోయింది. అదే నా కొంప ముంచింది. ఆ తరవాత ఏ శుభకార్యానికి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు నా ఎదుట నోళ్ళు తెరిచి నిలబడేవారు.

అలాంటి డాక్టరు తీరా మెడికల్ ఎంట్రన్సు రాస్తే సీటు రాలేదు. రాకపోవడం ఒక ఎత్తు, హాల్లో జరిగింది ఒక ఎత్తు. ప్రశ్నపత్రం చేతికిచ్చాక గంటసేపు నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. చదివినదంతా ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టయింది. చెమటలు పట్టాయి, అక్షరాలు అలుక్కుపోయాయి. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, పేపరు కష్టంగా వచ్చిందన్నాను. ఇంకో ఏడాది చదివిద్దామని నాన్నగారు నన్ను తణుకులో ఒక ట్యుటోరియల్లో చేర్చారు. అద్దెకి దొరికిన గది బెల్లం కొట్టు మేడమీద. ఆ కొట్టు యజమాని వెంకటరత్నం గారు.

ఆయన పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. తెల్ల బనీను, మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, చెవి మీద సుద్దముక్క. మేడమీద గదుల్లో మేం ఆరుగురం పిల్లలం ఉండేవాళ్ళం. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్య కన్యకమ్మ గారిని పిన్నిగారనీ పిలిచేవాళ్ళం. చేరిన రోజున నా పేరడిగారు. సూరిబాబండి అన్నాను. వెనకనుంచి మా నాన్నగారు కాబోయే డాక్టరండీ అని అందించారు. వెంకటరత్నం గారు నన్ను ఎగాదిగా చూసి, అయ్యేనాటి సంగతి కదండీ, ఇప్పటికి సూరిబాబే అన్నారు. ఆ ఏడాదంతా నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి ఆయనొక్కరే.

మా ట్యుటోరియల్లో ప్రతి శనివారం ర్యాంకుల జాబితా గేటుకి అంటించేవారు. అక్కడ నిలబడ్డప్పుడు వెనక ఎవరైనా సైకిలు బెల్లు కొట్టినా ఉలిక్కిపడేవాళ్ళం. వెంకటరత్నం గారిది ఆదివారం. ఆ రోజు పొద్దున్నే మమ్మల్ని కొట్లోకి దింపి, దూలానికి వేలాడే పెద్ద కాటాలో ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి తూచేవారు. బెల్లం బుట్టలు పెట్టే పళ్ళెంలో మఠం వేసుకుని, రెండు చేతులా గొలుసులు పట్టుకుని కూర్చోవాలి. రెండో పళ్ళెంలో ఆయన తూకం రాళ్ళు వేసేవారు. ఇనుపవే అయినా వాటిని రాళ్ళనే అంటారు. ముల్లు నిలబడ్డాక, కొట్టు తలుపు చెక్క మీద సుద్దతో మా పేర్లూ బరువులూ వరసగా రాసేవారు. ఎక్కువ బరువున్నవాడు ఫస్టు. నరసాపురం నుంచి వచ్చిన పాస్టరుగారబ్బాయి ప్రభుదాసు ట్యుటోరియల్ జాబితాలో ఎప్పుడూ అట్టడుగున ఉండేవాడు, ఇక్కడ మాత్రం వాడే ఫస్టు. ఏ వారమూ వాడి ర్యాంకు చెక్కుచెదరలేదు. తలుపు చెక్క ముందు నిలబడి చాలాసేపు చూసుకునేవాడు పాపం.

ఇదేం చాదస్తమండీ అని మొదట్లోనే అడిగాను. అంతకు రెండేళ్ళ ముందు ఆ మేడమీదే ఒక కుర్రాడు మెట్లు దిగుతూ పడిపోయాడట. వాళ్ళమ్మగారు వచ్చి, మా వాడు ఇంత చిక్కిపోతే మీకెవరికీ కనిపించలేదా అని ఏడ్చిందట. "రోజూ నా కళ్ళముందు నుంచే మెట్లెక్కాడు, దిగాడు. బుట్టలో అరకేజీ తగ్గితే చూడకుండా చెప్పేవాణ్ణి, మనిషి తగ్గుతుంటే చూళ్ళేదు" అన్నారాయన. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరైనా వరసగా రెండు వారాలు బరువు తగ్గితే వాళ్ళ ఇంటికి కార్డు రాసేస్తారు. ర్యాంకు మీ మాస్టార్లు చూసుకుంటారు, ఇది మాత్రం నా డిపార్టుమెంటు అనేవారు.

నేను జూన్‌లో యాభై రెండు కేజీలతో చేరాను. సంక్రాంతి దాటేసరికి నలభై నాలుగుకి వచ్చాను. అన్నం ముందు కూర్చుంటే చాలు, తింటున్న పది నిమిషాల్లో పక్కవాడు నాలుగు పేజీలు చదివేస్తాడనిపించేది. ర్యాంకు పడిపోయిన ప్రతి శనివారం ఒక పూట భోజనం మానేసేవాణ్ణి, అదే నాకు శిక్ష. ఎంత చదివినా పరీక్ష హాల్లో ఆ తడిగుడ్డ మళ్ళీ వస్తుందన్న భయం మాత్రం రోజూ ముందే వచ్చి కూర్చునేది. అంతవరకూ ఒక వారం తగ్గితే మరో వారం నిలబడుతూ కార్డు తప్పించుకున్నాను. ఆ ముందువారం కేజీ తగ్గి నలభై నాలుగయ్యాను. ఈ వారం కూడా తగ్గితే నాన్నగారికి కార్డు వెళ్తుంది. అప్పటికే నావల్ల తలెత్తుకోలేకపోతున్న మనిషికి ఇదొకటా అనుకున్నాను. శనివారం సాయంత్రం కొట్లో ఎవరూ లేనప్పుడు రెండు కేజీల రాయి తీసుకుని తువ్వాల్లో చుట్టి దాచేశాను.

ఆదివారం దాన్ని నడుముకి కట్టుకుని, పైన వదులు చొక్కా వేసుకుని వెళ్ళి పళ్ళెంలో కూర్చున్నాను. మనిషిని తూచేది ఆ రాళ్ళతోనే కదా అన్న సంగతి తీరా కూర్చున్నాకగానీ నా బుర్రకి తట్టలేదు. ఇలాంటి బుర్రకి మెడికల్ సీటు! వెంకటరత్నం గారు రెండు ఇరవై కేజీల రాళ్ళు వేశారు. పళ్ళెం కదల్లేదు. రెండు కేజీల రాయి కోసం చెయ్యి చాపారు. లేదు. బల్లకింద చూశారు, బుట్టల వెనక చూశారు. ప్రభుదాసు మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. ఇంతలో ఒకావిడ గిన్నె పట్టుకుని వచ్చి రెండు కేజీల బెల్లం కావాలంది. కాసేపు ఉండమ్మా, రాయి కనపడ్డం లేదన్నారు. నేను ఆ రాయితో సహా గాల్లో ఊగుతూ, దేవుడా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

చివరికి ఆయన అయిదు కేజీల రాయి తీసి వేశారు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. ఆయన ఓసారి ముల్లుని చూశారు, ఓసారి నా చొక్కా వైపు చూశారు. "సూరిబాబు నలభై అయిదు. వారం తిరిగేసరికి కేజీ పెరిగాడు" అని పైకి చదివి తలుపు చెక్క మీద రాశారు. పిన్నిగారు ఇడ్లీలు వేసిందని చెప్పి మిగతా వాళ్ళని లోపలికి పంపేశారు. నేనూ దిగబోతుంటే పళ్ళెం పట్టుకుని ఆపారు.

"ఆ రాయి ఇలా ఇచ్చెయ్ బాబూ, పాపం ఆవిడ ఎంతసేపని నిలబడుతుంది" అన్నారు మెల్లిగా.

తువ్వాలు ముడి నాకు ఊడలేదు, ఆయనే విప్పుకున్నారు. ఆవిడకి బెల్లం తూచి పంపించారు. తిడతారనుకున్నాను. ఎప్పట్నుంచి అన్నం తినటం లేదని మాత్రం అడిగారు. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. హాల్లో తుడిచిపెట్టుకుపోయిన సంగతీ, శనివారం శిక్షలూ అన్నీ చెప్పేశాను. ఈసారి కూడా సీటు రాకపోతే నేను ఇంటికి వెళ్ళనండి అన్నాను. మరెక్కడికి వెళ్తావని అడిగారు. నా చూపు కొట్టుకి ఎదురుగా ఉన్న కాలువ మీదికి పోయింది. ఆయన చూపు కూడా దాని వెనకే వెళ్ళింది. నేను అప్పటికి చాలా రోజులుగా ఆ కాలువను అలా చూస్తున్నానని ఆయనకి చెప్పలేదుగానీ, తెలిసిపోయింది. ఆయన లేచి, స్టూలు తెచ్చుకుని, నాకూ వాకిలికీ మధ్యన కూర్చున్నారు.

"చూడు బాబూ, వందకేజీల బెల్లం కొంటే వందా అమ్మలేం. ఎండకి కొంత పోద్ది, చీమలకి కొంత పోద్ది. దాన్ని తరుగంటాం. తరుగు లేని యాపారం నేను చూళ్ళేదు. ఏడాది పోయిందనుకో, తరుగు రాసేసుకుందాం. సరుకే పోగొట్టుకుంటే ఎలాగయ్యా?" అన్నారు. ఆ రోజు నుంచి నా పుస్తకాలు కొట్లోకి దిగాయి. బుట్టల మధ్య ఆయన కళ్ళెదుటే కూర్చుని చదవాలి, పిన్నిగారు పెట్టింది ఆయన ఎదుటే తినాలి. జంతుశాస్త్రం ఎంత వచ్చిందో చెప్పలేనుగానీ, బెల్లం గీరి చూసి మంచిదో కాదో చెప్పడం మాత్రం ఆ రోజుల్లోనే వచ్చింది.

కార్డు మాత్రం రాసేశారు. ఆ తరవాతి ఆదివారం మా నాన్నగారు గొడుగుతో సహా దిగిపోయారు. మొహంలో నెత్తురు లేదు. అన్నీ విన్నాక ఆయన నా తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎత్తినప్పుడు గడియారం మణికట్టు నుంచి మోచేతి దాకా జారడం వెంకటరత్నం గారి కంటపడింది. తమరు కూడా ఓసారి కాటా ఎక్కండీ అన్నారు. నేనా, నేను హెడ్మాస్టర్నండీ అన్నారు నాన్నగారు. హెడ్మాస్టర్లని కూడా తూస్తుందండీ ఇది అన్నారాయన. మా నాన్నగారు గొడుగు వదలకుండానే పళ్ళెంలో మఠం వేసుక్కూర్చున్నారు. గొడుగుకి అరకేజీ తరుగు తీసేస్తే నలభై తొమ్మిది వచ్చింది. అంత పొడుగు మనిషి.

"తమరిది ఒంటిపూట భోజనమాండి?" అని అడిగారు వెంకటరత్నం గారు.

నాన్నగారు గొలుసులు పట్టుకుని తల దించుకున్నారు. నాకు సీటు రాలేదని తెలిసిన రోజున మా ఊరి శివుడు కుక్కుటేశ్వరస్వామికి మొక్కుకున్నారట. వాడికి సీటు వచ్చేదాకా రాత్రి భోజనం ముట్టనని. అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు, నాకు తెలిస్తే బెంగపెట్టుకుంటానని చెప్పలేదు. ఆయనకి తెలిస్తే బెంగపెట్టుకుంటారని నేను చెప్పలేదు. ఇద్దరం అరవై మైళ్ళ దూరాన, ఒకరికి తెలియకుండా ఒకరం కడుపు మాడ్చుకుంటూ కూర్చున్నాం. ఆయన్ని ఆ పళ్ళెంలో అలా చూసి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నా మీద అంత ప్రేమ ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ర్యాంకు మీదే అనుకున్నాను.

మానెయ్యమంటే నాన్నగారు ఒప్పుకోరు, మొక్కు మొక్కే అంటారు. వెంకటరత్నం గారు చెవి మీది సుద్దముక్క తీసి కాసేపు ఆలోచించారు. "అయితే ఆ మొక్కు నాకు బదిలీ చేసెయ్యండి. నాకు షుగరుందండి. రాత్రిపూట అన్నం మానమని డాక్టరు ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. స్వామివారి భయముంటేగానీ మానలేను" అన్నారు. బెల్లం కొట్టు యజమానికి షుగరేంటని నేను తెల్లబోతుంటే, లోపలి నుంచి పిన్నిగారు, ఒప్పేసుకోండి అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుందంది. శివుడికి అభ్యంతరం ఉండదని నాన్నగారూ ఆయనా తేల్చుకున్నారు. ఆ మధ్యాహ్నం నాన్నగారూ నేనూ పక్కపక్కన కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నాం.

పరీక్ష రాశాను. తడిగుడ్డ ఈసారి కూడా వచ్చింది. పెన్ను కింద పెట్టి, కాటా పళ్ళెంలో గొడుగు పట్టుకుని కూర్చున్న హెడ్మాస్టరుగారిని తలుచుకున్నాను. నవ్వొచ్చింది, రాయడం మొదలుపెట్టాను. అయినా సీటు రాలేదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే ఇంటికి వెళ్ళాను. వీధి అరుగు మీద నలుగురూ కూర్చుని ఏమైందండీ అని అడిగితే, మా నాన్నగారు గొంతు సవరించుకుని, సీటు రాలేదండీ, అయితే అబ్బాయి ఏడు కేజీలు పెరిగి వచ్చాడు అన్నారు. ఆయన గొంతులో గర్వం నాకు స్పష్టంగా వినిపించింది. మా మేనత్త మాత్రం అప్పటికీ నమ్మకం వదులుకోలేదు, నాలుక చూపిస్తూనే ఉండేది.

నేను వృక్షశాస్త్రం చదివి లెక్చరర్నయ్యాను. సీటు రాలేదు కాబట్టి వెంకటరత్నం గారి మొక్కు తీరనేలేదు. బతికినన్నాళ్ళూ ఆయన రాత్రి భోజనం ముట్టలేదు, షుగరు అదుపులోకి వచ్చింది. ఎప్పుడు తణుకు వెళ్ళినా కొట్లో ఉన్నవాళ్ళందరికీ నన్ను చూపించి, "డాక్టరు కాకుండానే నా జబ్బు నయం చేశాడండీ ఈ సూరిబాబు" అని చెప్పేవారు. తరవాత నన్ను కాటా ఎక్కించేవారు.

రిటైరయ్యాక ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. నా గదిలో బరువు చూసే మిషను పెట్టుకున్నాను, సోమవారం సోమవారం మా సెక్షను పిల్లల బరువులు నేనే రాసుకుంటాను. యాజమాన్యం వాళ్ళు నాకు కొంచెం తిక్క అనుకుంటారు, అనుకోనివ్వండి. నిన్న ఒకమ్మాయి వారంలో కేజీ పెరిగింది. చున్నీ కింద నీళ్ళసీసా మూత నీలంగా కనిపిస్తోంది. పెరిగిందని పైకి చదివి రాసుకున్నాను. మిగతా పిల్లల్ని క్లాసుకి పంపించి, నా కుర్చీ తెచ్చుకుని ఆ అమ్మాయికీ తలుపుకీ మధ్యన వేసుకుని కూర్చున్నాను.

"ఆ సీసా ఇలా ఇవ్వమ్మా, దాహంగా ఉంది" అన్నాను.