రాజవ్వ నేసిన జంపఖానాలు

వరంగల్ కొత్తవాడలో గుండయ్య జంపఖానాలకు మంచి పేరుండేది. అంచు బిగువుగా వస్తుందని నేతగాళ్ల సహకార సొసైటీ వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అయితే 1979 వానాకాలం నుంచి వాటిని నేస్తున్నది గుండయ్య కాదు, ఆయన భార్య రాజవ్వ.

సైకిల్ మీద నుంచి పడి గుండయ్య కుడిచెయ్యి విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు. ఎముక అతికింది గానీ చేతికి పట్టు రాలేదు. సొసైటీ నూలు ఇచ్చేది సభ్యుడికే. ఆ సభ్యుడు నేయలేడని తెలిస్తే నూలు ఆగిపోతుందని ఇద్దరికీ భయం. అందుకని పద్నాలుగేళ్లుగా పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన రాజవ్వే మగ్గం అందుకుంది. తలుపు గడియ పెట్టుకొని నేసేది. ఎవరైనా పిలిస్తే వంటింట్లోంచి వచ్చినట్టు చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

రెండేళ్లు అట్లా గడిచాక యూనివర్సిటీ నుంచి విమల అనే అమ్మాయి వచ్చింది. నేత ఇళ్లలో ఆడవాళ్లు ఏ పని ఎంతసేపు చేస్తారో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నది. తన భార్య ఏ పనీ చేయదని, ఇంట్లోనే ఉంటుందని గుండయ్య చెప్పాడు. విమల అది రాయకుండా రాజవ్వనే అడిగింది. నీళ్లు, పొయ్యి, పిల్లలు, కండెలు అని చెప్పుకొచ్చిన రాజవ్వ అక్కడ ఆగిపోయింది. కాయలు కాసిన అరచేతులు కొంగులో దాచుకుంది.

గుండయ్య ఆ దాచిన చేతుల వైపు చూశాడు.

"రాసుకో బిడ్డా. మగ్గం నడిపేది ఆమెనే. నా చెయ్యి పోయి రెండేండ్లాయె," అన్నాడు.

పేర్లు ఎవరికీ చెప్పనని విమల మాటిచ్చింది. అయినా ఆ వారమంతా రాజవ్వకు అన్నం సయించలేదు. ఇట్లా దాచి బతకడం తనవల్ల కాదని, మనమే పోయి చెబుదామని చివరికి ఆమే మొగుడితో అన్నది.

సొసైటీ అధ్యక్షుడు బాలకిషన్ అంతా విన్నాడు. మర్నాడు వాళ్లింటికొచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. రాజవ్వ నేయడం మొదలుపెట్టింది. నాలుగు వరసలు పడ్డాక ఆయన అంచు పట్టి చూశాడు.

"ఇన్నొద్దులు మేం మెచ్చుకున్నది నిన్నేనా వదినా?"

రాజవ్వను సభ్యురాలిగా చేర్చుకుందామని ఆయన అంటే, ఆడమనిషికి సభ్యత్వమేందని కమిటీలో ఇద్దరు సణిగారు. మగవాళ్లకే ఇవ్వాలని నియమాల్లో ఎక్కడుందో చూపమన్నాడు బాలకిషన్. అట్లాంటిదేదీ లేదు, రాజవ్వ పేరు రిజిస్టర్‌లో ఎక్కింది. శ్రావణంలో నూలు పంచే రోజు గుమాస్తా రాజవ్వ పేరు పిలిచాడు. ఇంకెవరినో అనుకుని ఆమె కదల్లేదు. గుండయ్య మోచేత్తో తట్టాడు.

తిరిగొస్తుంటే హోటల్ ముందు ఆగి, చాయ్ తాగుదామన్నది రాజవ్వ. అంతకుముందు ఎన్నడూ ఆమె హోటల్లో కూర్చోలేదు. బల్ల మీద నూలు కట్ట పక్కన పెట్టుకొని నిదానంగా తాగింది. అయిపోయాక ఇంకొకటి తెమ్మన్నది.