ఇల్లుబండి కిటికీలు

నంద్యాలలో పగిలిన ప్లాస్టిక్ బిందెలకు అతుకులు వేయడం మా ఇంటి పని. నాకది అప్పటికే పదేళ్లుగా చేతికి పట్టిన పని. నా మరిది పెళ్లాం ఆళ్లగడ్డ నుంచి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. అయినా ఏ అవసరమొచ్చినా అందరూ ఆమెనే పిలిచేవారు. ఆమెకు చదవడం వచ్చు. ఉత్తరం వస్తే మా అత్త నన్ను దాటుకుని వెళ్లి ఆమె ముందు కూర్చునేది. నేనేమో యాభై దాటాక గానీ అక్షరాలు నేర్వలేదు.

డెబ్బైల చివర్లో, ఎండలు ముదిరిన రోజుల్లో, పల్లెలు తిరిగి మందులిచ్చే ఒక నర్సమ్మ జీపు వెనక ఇల్లుబండి తగిలించుకుని మా వాకిట్లో ఆగింది. లోపల మంచం, పొయ్యి, మందుల బీరువా ఉన్నాయి. కిటికీలు అద్దాలు కావు, మందపాటి ప్లాస్టిక్. గతుకులకు రెండు కిటికీలు పగిలాయి.

"చెరొకటి చేయండి. పని బాగున్నవాళ్లు నాతో రెండు నెలలు తిరగాలి. వంట చేయాలి, ఈ కిటికీలూ చూసుకోవాలి" అంది నర్సమ్మ మా తోడికోడళ్లిద్దరితో.

పెళ్లయ్యాక నేను నంద్యాల దాటలేదు. ఆ బండిలో నేనే కూర్చోవాలనుకున్నాను.

బిందెలకు పెట్టినట్టు కడ్డీ కాల్చి పెడితే ఆ ప్లాస్టిక్ నల్లబడుతుందట. నర్సమ్మ బీరువాలోంచి క్లోరోఫాం తీసి, అదే రకం ప్లాస్టిక్ పొట్టు అందులో కరిగించి పగులులో పోయమంది. నేను ముందు సూది కాల్చి పగులు కొన దగ్గర సన్నని బెజ్జం వేశాను. అది లేకపోతే పగులు ఆగదు, ముందుకు పాకుతుంది. నా తోడికోడలు బెజ్జం వేయలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"అక్కా, సరిగ్గా చేస్తాండానా?"

"నీకు తెలీందేముంది మే, చదువుకున్నదానివి" అన్నాను.

ఆమె అతుకు నీళ్లలా తేటగా ఆరింది. నాదాంట్లో బుడగలు, బెజ్జం మచ్చ. నర్సమ్మ ఆమెనే ఎంచుకుంది.

మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో, కిటికీలోంచి ఏం చూస్తోందో అనుకుంటూ, ఆ పగులు ఎప్పుడు పాకుతుందా అని ఎదురుచూశాను.

బండి ఆగిన ఆళ్లగడ్డ నుంచి నన్ను రమ్మని నర్సమ్మ కబురు పెడితే బస్సెక్కి వెళ్లాను. ఆమె అతికిన కిటికీ మూల నుంచి మూలకు చీలింది. వాన పడి మందులు తడిశాయి. నా కిటికీకి ఏమీ కాలేదు.

నర్సమ్మ నా అతుకు పక్కనున్న మచ్చ చూపించి ఆమెను అడిగింది. "ఈ బెజ్జం సంగతి మీ అక్క నీకు చెప్పలేదా?"

తోడికోడలు నా వైపు చూడలేదు. "చెప్పిందమ్మా. నేనే మర్చిపోయినా."

నర్సమ్మ ఆమెను పంపేసి నన్ను ఉంచుకుంది. తోడికోడలు సంచి సర్దుకుంటూ, "ఆ పొయ్యి మీట తిప్పేటప్పుడు పైలం అక్కా, గుప్పుమంటాది" అని చెప్పి బస్సెక్కింది.

సంజామల, ఉయ్యాలవాడ అన్నీ తిరిగాను. కోరుకున్న చోటే కూర్చున్నాను. అయినా కుళ్లు తగ్గలేదు. నా తప్పు తన మీద వేసుకోవడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే అలా చేసేదాన్ని కాదని నాకు తెలుసు.

నేను ఇంటికొచ్చిన రోజు ఆమె నా పక్కన కూర్చుని, "యాడాడ తిరిగినావక్కా, చెప్పు" అంది.

"ఏముంది, అన్నీ మట్టిరోడ్లే" అని లేచి లోపలికి పోయాను.