ఖాళీ వరుసలో గీత

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర నూడుల్స్ బండివాడు కాలిన కడాయిలో వెనిగర్ చల్లితే చాలు, నా ఆకలి చచ్చిపోతుంది. జెల్‌లు కడిగే ఆమ్లం వల్ల మా పాత ల్యాబ్‌లోనూ అదే పుల్లటి వాసన. దాని వెనకే సుగుణ మేడమ్ గుర్తొస్తారు.

గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి. కిడ్నీ రోగుల మూత్రంలోని ప్రోటీన్లను పలుచని జెల్ పలకలో పోసి, కరెంటు పెట్టి, సైజును బట్టి విడదీయడం నాకు నేర్పింది ఆవిడే. ఒక్కో నమూనాకు ఒక్కో వరుస; రంగు పట్టిస్తే ఒక్కో ప్రోటీన్ ఒక్కో గీతగా కనిపిస్తుంది. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. నల్గొండ నుంచి వచ్చిన నేను మూసారాంబాగ్‌లో కిరాయికి ఉండేదాన్ని. ఒక బంద్ నాడు ఆవిడ చెమటతో తడిసి ల్యాబ్‌కు వచ్చారు.

“బస్సుల్లేవు గద మేడమ్, ఎట్లొచ్చిన్రు?”

“నడిచొచ్చానమ్మా. ఎల్బీనగర్‌లో కుర్రాళ్లు ఆపి జై తెలంగాణ అనమన్నారు. అన్నాను. మంచినీళ్లిచ్చి పంపారు.”

ఆ రోజే నా జెల్‌కు రంగు పట్టించాను. రోగులందరి వరుసల్లోనూ ఒకే ఎత్తులో ఒక గోధుమరంగు గీత నెమ్మదిగా తేలింది. కొత్త ప్రోటీన్ దొరికిందని నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆవిడ మాత్రం చివరి వరుస చూపించారు. అందులో రోగి నమూనా లేదు, నమూనాల్లో మేం కలిపే ద్రావణం ఒక్కటే. అక్కడా అదే గీత.

“గిదెవరిది మేడమ్?”

“మనదే. చర్మంలో కెరటిన్ అని ఉంటుంది. మనకు తెలియకుండానే రాలి సీసాల్లో పడుతుంది. గదిలో మనుషులున్నారని జెల్‌కి తెలిసిపోతుందమ్మా.”

నెలల తరబడి నేను చేసిన పని నీళ్లపాలైంది. ఆవిడ మర్నాడు నాతోపాటు కూర్చుని మళ్లీ మొదటి నుంచి చేయించారు.

ఆ వానాకాలంలోనే మేడమ్ గుండెపోటుతో పోయారు. కర్మకాండ అయ్యాక ల్యాబ్‌కు వెళ్లి, ఫ్రీజర్‌లో ఆవిడ కలిపి ఉంచిన ద్రావణం చివరి సీసా తీశాను. నా చర్మం రాలి పడకుండా గ్లౌజులు, మాస్కు, తలకు టోపీ అన్నీ వేసుకుని, ఒక వరుసలో ఆ ద్రావణం ఒక్కటే పోశాను. మిట్టమధ్యాహ్నం. తేట పలకలో గీత మెల్లగా పైకొచ్చింది. ఎవరో నా భుజం మీదుగా వంగి చూస్తున్నట్టు మెడ మీద వెంట్రుకలు లేచాయి. తిరిగి చూడలేదు.

తర్వాత కొత్త ద్రావణం కలిపి, కావాలనే గ్లౌజు తీసి ఉత్త వేలు ముంచి, రెండింటినీ ఒకే జెల్‌లో పక్కపక్కన నడిపాను. గీతలు ఒకే చోట ఆగాయి. ఏది ఆవిడదో, ఏది నాదో చెప్పడం నా వల్ల కాలేదు. పాత సీసాను సింకులో వంపేశాను. ఆవిడున్నా అదే చేయమనేవారు.

రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు నాకూ విద్యార్థులున్నారు. జెల్ మీద గీతలు తేలే వేళ ఖాళీ వరుస వైపు చూడాలంటే నాకింకా భయమే. అక్కడేమీ కనిపించకపోతే మాత్రం, ఎందుకో, దిగులు.