గుడ్లవల్లేరులో దిగిపోయిన మాత్ర

బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సు పెడన దాటేసరికి నా కంటి ముందు వంకర గీతలు మెరవడం మొదలైంది. పార్శ్వనొప్పి రాబోతోందని తెలిసి, డాక్టరు రాసిచ్చిన మాత్ర వేసుకున్నాను. పక్క సీట్లో పెద్ద కుంకుమబొట్టుతో ఉన్నావిడ నన్నే చూస్తోంది.

"తలనొప్పికాండీ?"

"అవునండీ. మొదట్లోనే వేసుకుంటే గంటలో తగ్గిపోతుంది."

"మా ఆయనకీ ఇంతేనండీ, వచ్చిందంటే చీకటిగదిలో పడుకోవాల్సిందే. ఒకటివ్వరూ?"

బస్సులో పక్కవాళ్ళకి మాత్ర ఇవ్వడం మనకి మంచినీళ్ళిచ్చినంత మామూలు. స్ట్రిప్పులోంచి ఒకటి తుంచి ఇచ్చాను. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది. మంచిపని చేశానని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

గుడ్లవల్లేరులో దిగుతూ మెట్టు మీద ఆగి, "పోయినేడు ఆయన గుండెకి స్టెంటు వేశారండీ. దాని మీద ఈ నొప్పొకటి. మీ పేరు చెప్పుకుని ఇవాళ హాయిగా పడుకుంటారు" అంది.

నాకు ఈ మాత్ర రాసేముందు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, గుండెజబ్బేమైనా ఉందా అని. ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదని, ఎవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పారు. అది గుర్తొచ్చేసరికి బస్సు కదిలింది. "ఆయనకి వెయ్యకండి!" అని కిటికీలోంచి అరిచాను. ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపింది. బస్సాపించి వెనక్కి పరుగెత్తేసరికి స్టాపులో లేదు.

ఇప్పటికీ ఆ దారిన వెళ్తే, గుడ్లవల్లేరులో ఎక్కే ఆడవాళ్ళలో ఆవిడ కోసం వెతుకుతాను. ముందు చూసేది ముఖం కాదు, నుదురు.